అరకు ఒక్కరోజులో (అని మొదలుపెట్టాం)

కల్యాణి: నమస్కారమండీ, అందరూ ఎలా ఉన్నారు? పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటేసుకుని ఒక్కరోజులో అరకు వెళ్లి రావడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు, ఈవారం అదే. ఎదురుగా వరసకి మా తమ్ముడు వాసు ఉన్నాడు, హైదరాబాద్ నుంచి పొద్దున్నే దిగాడు. పోయినసారి మా ఇంటి నుంచి పట్టుకెళ్లిన సీసా తిరిగి తేలేదు.

వాసు: సీసా సంగతి ఎత్తొద్దని అనుకున్నాం కదక్కా.

కల్యాణి: నేను అనుకోలేదు, నువ్వే అనుకున్నావు. రికార్డింగ్ మావారు మురళిగారే చూస్తున్నారు, ఈసారి మధ్యలో మాట్లాడనని మాటిచ్చారు.

మురళి: అవసరమైతే తప్ప.

వాసు: అయిపోయింది. సరే, అరకు. విశాఖలో పొద్దున్నే ఏడు కొట్టకముందే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కాలి. కారులో వెళ్తే ఆ దారిలో సగం మజా పోయినట్టే. 2017లో అద్దాల పెట్టె పెట్టారు కదా, పైకప్పు కూడా అద్దమే, సీట్లు గిర్రున తిరుగుతాయి, పిల్లలకి బాగుంటుంది గానీ...

కల్యాణి: గానీ కిటికీ తెరుచుకోదు. చల్లగాలి మొహానికి కొట్టకపోతే అరకు రైలెందుకు? మామూలు పెట్టె చాలు, కుడివైపు కిటికీ దొరికితే ఇంకేం వద్దు. లోయంతా అటే.

మురళి: అంతా అటే కాదు. సొరంగాలు దాటాక కొన్నిచోట్ల...

కల్యాణి: ఏవండీ.

మురళి: కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలున్నాయి కల్యాణీ. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను అది. మనం ఎక్కేది ఖనిజం కోసం వేసిన పట్టాల మీదే, ప్రయాణికులం మనం మధ్యలో దూరాం.

వాసు: బావ జపాన్ దాకా వెళ్లిపోయాడు. అక్కా, తిండి సంగతి చెప్పు, జనానికి కావల్సింది అది.

కల్యాణి: తిండికేముంది, పులిహోర.

వాసు: ఇదిగో. నాకు తెలుసు ఇది వస్తుందని. విహారానికి వెళ్తూ ఇంట్లో తినే అన్నమే డబ్బాలో మోసుకెళ్లడం ఏంటక్కా? ఎస్.కోట స్టేషన్ దాటకుండానే డబ్బా మూత తీస్తారు, పెట్టంతా ఇంగువ వాసన.

కల్యాణి: ఆ వాసనకి పక్క సీటువాళ్లు అడిగి పెట్టించుకుంటారు, నీకు తెలియదు. నువ్వు తిన్నది నిమ్మకాయ పులిహోర అయి ఉంటుంది, అది ప్రయాణానికి పనికిరాదు. పొద్దున్న కలిపితే పదింటికే దాని ఘుమఘుమ పోతుంది, మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. చింతపండుది వేరు. పులుసు చిక్కబడి నూనె పైకి తేలేదాకా ఉడకాలి, అన్నం పలుకుగా వార్చి వెడల్పాటి పళ్లెంలో పోసి, వేడిమీదే పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేసి ఆరబెట్టాలి. ఆరాకే పులుసు కలపాలి. అలా చేస్తే తెల్లారి కన్నా మధ్యాహ్నమే రుచి. ఉప్పు, పులుపు, నూనె ఉన్నాయి కాబట్టి పాడవదు కూడా. వేరుశెనగ గుళ్లు మాత్రం వేరే పొట్లంలో కట్టాలి, ముందే కలిపితే మెత్తబడి నోట్లో రబ్బరులా సాగుతాయి.

వాసు: పల్లీలకి వేరే పొట్లం! వినండి, ఇది ఒక్కరోజు ప్రయాణం, ఇందులో పల్లీలకి ప్రత్యేకంగా ఏర్పాట్లు.

కల్యాణి: పెరుగన్నానికీ ఉన్నాయి. అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి డబ్బాలో పెడితే రైలు ఎక్కినప్పుడు పాలన్నం, దిగి తినేసరికి పెరుగన్నం. పెరుగుతోనే కలిపి తీసుకెళ్లావా, పులిసి కూర్చుంటుంది.

వాసు: ఇవన్నీ నిజమే, కాదనను. కానీ నా గొడవ అది కాదు. అరకులో దిగితే వెదురు బొంగులో కోడి మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క ఉండదు, అది అక్కడే తినాలి. అక్కడివాళ్ల చేతి వంట వదిలేసి, మన డబ్బాలు మనం నాకుతూ తిరిగి రావడం...

కల్యాణి: బొంగు చికెన్ సాయంత్రం తిను, ఎవరొద్దన్నారు? మధ్యాహ్నం బొర్రా గుహల దగ్గర పిల్లలు ఆకలికి ఏడిస్తే ఏం పెడతావు?

వాసు: పోయినసారి మనమంతా వెళ్లినప్పుడు అక్కడ కోతులు తినేశాయి కదా మీ పులిహోర.

కల్యాణి: సగమే.

మురళి: బొర్రా గుహల మీదుగానే మన రైలు పట్టాలు వెళ్తాయి, ఎవరికీ తెలియదు. లోపల మనం తిరుగుతుంటే పైన ఖనిజం బండి...

కల్యాణి, వాసు: తెలుసు!

వాసు: అక్కా, ఒకటి అడగనా? కోపం తెచ్చుకోకు. ఆ పులిహోర చేసింది ఎవరు?

కల్యాణి: అమ్మ.

వాసు: ఎన్నింటికి లేచింది?

కల్యాణి: మూడింటికి లేచి ఉంటుంది. తను అంతే, ప్రయాణమంటే నిద్ర పట్టదు.

వాసు: నిద్ర పట్టక కాదు. పన్నెండు మందికి అన్నం వార్చాలి కాబట్టి. ఎస్.కోట దాటగానే కొండలు మొదలైతే పెద్దమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను ఎదురుగానే కూర్చున్నాను. తను వెళ్లిందే ఆ కొండలు చూడ్డానికి.

కల్యాణి: ...

వాసు: ఏమీ అనుకోకు.

కల్యాణి: లేదు, అనుకోవడానికేముంది. నాన్నగాని, నువ్వుగాని, ఈయనగాని ఆ రాత్రి కొబ్బరికాయ ఒక్కటి కొట్టి ఇచ్చారా? తిని, బాగుందని, ఇంకొంచెం వెయ్యమన్నారు. ఇప్పుడు వచ్చి నాకు చెప్తున్నావు.

వాసు: అదే కదా అంటున్నా, కొనుక్కుందాం అని.

కల్యాణి: కొనుక్కోవడం ఒక్కటే దారా? ముందురోజు రాత్రి పులుసు మీరు ఉడికించండి. దానికి గంట కూడా పట్టదు. పొద్దున్న అన్నం వార్చడం ఒక్కటే ఉంటుంది, దానికి మూడింటికి లేవక్కర్లేదు. డబ్బా మానేయమనడం సులువు, పొయ్యి దగ్గర నిలబడ్డం కష్టం మీకు.

మురళి: పులుసు నేను ఉడికిస్తాను.

కల్యాణి: రికార్డ్ అయింది కదా అది?

మురళి: అయింది.

వాసు: అయినా పెద్దమ్మ సొరంగాల్లో లేచింది తెలుసా? మొదటి సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా కేకలు, చీకట్లో తనూ గట్టిగా అరిచింది. పక్కనే ఉన్న పెదనాన్న అదిరిపడ్డారు. బొర్రాలో మెట్లు దిగలేనని బయటే కూర్చుంది గానీ ఆ సొరంగాల గురించే వారం రోజులు చెప్పింది.

కల్యాణి: మోకాళ్లు సహకరించవు. పెద్దవాళ్లు ఉంటే బొర్రా మెట్లు చూసుకోండి, దిగడం సరే, ఎక్కి రావాలి. తొందరగా మిగతావి చెప్పెయ్ వాసూ, టైం అయిపోతోంది.

వాసు: అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే వలిసె పూలుంటాయి, కొండ వాలంతా పచ్చగా... పసుపుపచ్చగా, ఫొటో కోసం చేలో దిగి తొక్కకండి, అది నూనెగింజల పంట, ఆసామిని అడగండి. వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు, మలుపులు పడనివాళ్లు ముందు సీటు, ఖాళీ కడుపుతో కాదు, నిండా తిని కూడా కాదు. అనంతగిరి దగ్గర ఆగి కాఫీ తోటలు చూడండి, పెద్ద చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకి మిరియం తీగలు. అరకు అరబికాకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతపు పంట అనే గుర్తింపు, వచ్చింది, కాబట్టి పొడి కొనేటప్పుడు చూసి కొనండి. అంతే.

మురళి: దారిలో శిమిలిగూడ స్టేషన్.

కల్యాణి: ఇదే మానుకోమన్నది.

మురళి: 996 మీటర్ల ఎత్తు. కశ్మీర్‌లో లైను పడేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ అదే ఎత్తైనది. దిగి బోర్డు చూసేంత టైం కూడా ఇవ్వరు, మీరు కోతుల గురించి గంట మాట్లాడారు.

వాసు: పులిహోర గురించి బావా. కోతులు మధ్యలో వచ్చాయి.

కల్యాణి: మురళిగారూ, మరి చింతపండు ఎంత నానబెట్టాలో తెలుసా మీకు?

మురళి: పన్నెండు మందికా?

కల్యాణి: పద్నాలుగు. ఈసారి వాసు వాళ్ల అత్తగారు వాళ్లూ వస్తున్నారు.

వాసు: నేనెప్పుడు చెప్పానక్కా అది?