బెల్టు కొనే ముందు బకిల్ కొలవండి: నల్లగొండ ఎండలో ఐదు వాచీ బెల్టులు

ముందు ఈ గీత చూడండి. కెమెరాను కాస్త దగ్గరికి తెస్తున్నాను. అద్దం మీద పది అంకె దగ్గర మొదలై ఎనిమిది వైపు వంకరగా దిగింది కదా, ఇది నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు దిగుతున్నప్పుడు పడిన గీత. వాచీ చేతి నుంచి జారి, మెట్టు అంచుకు తగిలి, కింద పడింది. బెల్టు తెగి ఉంటుందని అనుకున్నాను. తీసి చూస్తే బెల్టుకు ఏమీ కాలేదు. కొని రెండు వారాలే అయింది, కొత్త తోలు వాసన కూడా ఇంకా పోలేదు. ఊడింది బకిల్.

తప్పులో సగం నాదే. బెల్టుతో వచ్చిన బకిల్ మరీ సాదాగా ఉందని, కొన్నచోట డబ్బాలో ఉన్న మరో మెరిసే బకిల్‌ను ఏరుకున్నాను. అక్కడి అబ్బాయి రెండు నిమిషాల్లో మార్చి ఇచ్చాడు. బెల్టు చివర వెడల్పు 16 మిల్లీమీటర్లు. నేను ఏరుకున్న బకిల్ లోపలి వెడల్పు 18. బెల్టును బకిల్‌కు పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను, అంటే రెండు కొనలూ నొక్కితే లోపలికి వెళ్లే సన్నటి కడ్డీ, మాత్రం పాతదే, 16ది. అంటే పిన్ను కొనలు బకిల్ రంధ్రాలను పట్టీ పట్టనట్టు పట్టుకుని రెండు వారాలు వేలాడాయి. బస్సు కడ్డీకి చెయ్యి తగలగానే వదిలేశాయి.

అందుకే ఈ వీడియోలో బెల్టుల రంగుల గురించి తక్కువ, బకిల్ గురించి ఎక్కువ మాట్లాడతాను. ఫిబ్రవరి చివరి నుంచి జూన్ దాకా ఐదు బెల్టులు మార్చి మార్చి కట్టుకున్నాను. అన్నీ నా డబ్బులతో కొన్నవే, ఎవరూ ఉచితంగా పంపలేదు.

కొలతతో మొదలుపెడదాం. వాచీ డబ్బాకు, అంటే యంత్రం ఉండే లోహపు భాగానికి, పైనా కిందా రెండేసి కొమ్ములు ఉంటాయి. వీటినే లగ్స్ అంటారు. ఈ రెండు కొమ్ముల మధ్య ఖాళీ ఎంతో అదే బెల్టు సైజు. మగవారి వాచీల్లో ఎక్కువగా 18, 20, 22 కనిపిస్తాయి. 19, 21 కూడా ఉన్నాయి, అవి ఉన్నవారికి వెతుకులాట తప్పదు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్‌తో కుస్తీ పట్టిన వాళ్లందరికీ ఇప్పుడు ఆ చదువు అక్కరకొస్తుంది. అది లేకపోతే పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. కాకపోతే కొమ్ముల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవాలి. బెల్టును కొలవకండి. వాడిన తోలు నలిగి ఒకటి అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడి దాకా అందరికీ తెలుసు. రెండో కొలత దగ్గరే చాలామంది ఆగిపోతారు. బెల్టు వాచీ దగ్గర ఎంత వెడల్పు ఉంటుందో బకిల్ దగ్గర సాధారణంగా అంత ఉండదు, సన్నబడుతూ వస్తుంది. ఇదిగో, ఈ బెల్టును తిరగేస్తున్నాను. లోపలి తోలు మీద అచ్చు కనిపిస్తోందా? 20, పక్కన గీత, 16. వాచీ వైపు 20, బకిల్ వైపు 16. అంటే దీనికి 16 బకిల్ కావాలి. 20 వాచీ కదా అని 20 బకిల్ కొంటే డబ్బు దండగే. కొన్నింటిపై అచ్చు ఉండదు, అప్పుడు బకిల్ తగిలించే చోట కొలవండి. బకిల్‌ను కూడా పై వెడల్పుతో కాకుండా, బెల్టు దూరే లోపలి ఖాళీతో కొలవాలి. స్ప్రింగ్ పిన్ను కూడా ఆ వెడల్పుదే ఉండాలి. ఈ మూడూ కలిస్తే బస్టాండులో వాచీ ఏరుకోవలసిన అవసరం రాదు.

పిన్ను మందం కూడా అన్నిటికీ ఒకటి కాదు. మామూలు వాచీలకు 1.5 మిల్లీమీటర్లది వేస్తారు. నీటిలో మునిగేవారి కోసం చేసే బరువైన డైవర్ వాచీలకు ఇంకా లావుది పడుతుంది. గడియారం చౌరస్తా దగ్గర వాచీలు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నారు. నేను మొహం వేలాడేసుకుని వెళ్లినప్పుడు ఆయన బకిల్‌ను బొటనవేలితో పక్కకు తోసి చూపించారు. "ఊగుతోందా బేటా? ఊగేది ఊడుతుంది" అన్నారు. అంతకన్నా మంచి పరీక్ష నాకు ఇంతవరకు దొరకలేదు. కొత్త బెల్టు చేతికి రాగానే బకిల్‌ను పట్టుకుని అటూ ఇటూ తోయండి. వెంట్రుకవాసి కదిలితే పర్వాలేదు. బెల్టు అంచు పక్కన పిన్ను లోహం మెరుస్తూ కనిపించిందా, వెనక్కి ఇచ్చేయండి.

ఇక బెల్టులు. మొదటిది మామూలు గోధుమరంగు లెదర్, లోపల దూది లాంటి మెత్త పెట్టి ఉబ్బుగా కుట్టింది. మార్చి నెలంతా హాయిగా ఉంది. ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి కథ మారింది. మన దగ్గర ఎండలు 44 దాటే రోజుల్లో తోలు బెల్టు పగలంతా చెమట తాగుతుంది, రాత్రి ఆరుతుంది. నీరు పోయి ఉప్పు మిగులుతుంది. ఈ తెల్ల చారలు చూడండి, అదే. వాసన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అసలు చోటు చూపిస్తాను. నేను రోజూ పెట్టుకునే మూడో రంధ్రం ఇది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగింది. బకిల్ మధ్యలో ఉన్న ముల్లు రోజూ ఇక్కడే లాగుతుంది, బెల్టు ఇక్కడే మడత పడుతుంది. రంధ్రం చుట్టూ పై తోలు పగిలి లోపలి మెత్త బయటికి తొంగిచూస్తోంది. మిగతా ఆరు రంధ్రాలు ఇంకా కొత్తగానే ఉన్నాయి. బెల్టు మొత్తం బాగుండి ఒక్క రంధ్రం దగ్గర చచ్చిపోయింది.

రెండోది మెత్త లేని, ఒకే మందపాటి తోలు. క్రోమియం లవణాలతో కాకుండా చెట్ల బెరడు కషాయంతో పదును చేసిన రకం. మన తంగేడు బెరడుతో కూడా ఒకప్పుడు తోళ్లు ఇలాగే పదును చేసేవారు. బతుకమ్మలో పేర్చే పువ్వు ఉన్న చెట్టుకే ఈ పని కూడా ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. ఈ తోలు మొదట బిగుసుగా ఉంటుంది, వారం తర్వాత మన చేతి వంపు పడుతుంది, చెమటకు రంగు ముదురుతుంది. నాకు అది ఇష్టం, మా చెల్లెలికి మురికిగా కనిపిస్తుంది. ఈ బెల్టు బకిల్ దగ్గర కూడా మూడు మిల్లీమీటర్ల మందం ఉంది. దీనికి సన్నటి సాదా బకిల్ వేస్తే బెల్టు అందులో దూరడానికి రోజూ గీసుకుంటుంది. ముల్లు కూడా కాస్త వెడల్పుగా, బకిల్ చట్రం లోతుగా ఉండాలి. అలాంటిది వేశాక నాలుగు నెలల తర్వాత కూడా రంధ్రం గుండ్రంగానే ఉంది. ఐదింటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. మే నెలలో మాత్రం పక్కన పెట్టాను.

మూడోది, మే నెలకు, రబ్బరు. ఇందులో సిలికాన్ వేరు, ఎఫ్‌కేఎం అనే గట్టి రకం రబ్బరు వేరు. సిలికాన్ చవక, మెత్తన. కానీ దుమ్ముకు అయస్కాంతం లాంటిది. మన చెల్క నేలల ఎర్రదుమ్ములో ఒక్క రోజు పొలం గట్టు మీద తిరిగి వస్తే నల్ల బెల్టు ఇటుకరంగుకు తిరిగింది. ఎఫ్‌కేఎం ధర ఎక్కువ, కాస్త బరువు, దుమ్ము అంతగా పట్టదు, చెమటకూ నూనెకూ చెక్కుచెదరదు. కుళాయి కింద కడిగి, తుడిచి, కట్టుకోవడమే. చైన్ తీసేసి రబ్బరుకు మారాలనుకునే వారు సిలికాన్‌తో మొదలుపెట్టి నిరుత్సాహపడకండి. ఇక్కడ బకిల్ విషయంలో ఒక్కటే మాట: పలుచటి ముల్లు రబ్బరును కోస్తుంది. వెడల్పు ముల్లు ఉన్న స్టీలు బకిల్ వేయండి.

ఒక పక్కమాట. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ పగలంతా కదలకుండా ఒకేచోట పడుతుంది. మే నెలాఖరుకు నా మణికట్టు మీద బెల్టు ముద్ర కూడా అలాగే తయారైంది. చుట్టూ చెయ్యి నల్లబడింది, ఆ పట్టీ మాత్రం తెల్లగా, వాచీ తీసినా కదలకుండా ఉంది.

నాలుగోది నైలాన్. దీన్ని నాటో బెల్టు అంటారు. 1973లో బ్రిటన్ రక్షణ శాఖ తమ సైనికుల కోసం నిర్ణయించిన ప్రమాణం నుంచి వచ్చింది. అప్పట్లో ఒకటే రంగు, బూడిదరంగు. ఒకటే వెడల్పు, 20. ఒకే పొడవాటి పట్టీ వాచీ కింద నుంచి పోతుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ రెండో పిన్ను మీద వేలాడుతుంది, కింద పడదు. పైగా చాలావాటికి బకిల్ పిన్నుతో కాకుండా కుట్టుతోనే ఉంటుంది, కాబట్టి నాకు బస్సు దిగే రోజు ఇది ఉండి ఉంటే ఈ గీతే ఉండేది కాదు. అయితే కుట్టేసిన బకిల్ నచ్చకపోతే మార్చుకోలేరు. కొనేటప్పుడే బకిల్ చూసి కొనండి. నా దానికి పూత వేసిన చవక లోహం వచ్చింది, మూడు నెలల్లో అంచుల్లో పసుపు తేలింది.

పూత అంటే గుర్తొచ్చింది. మా చెల్లెలికి మణికట్టు లోపలి వైపు, సరిగ్గా బకిల్ ఆనే చోట, ఎర్రటి దద్దు వచ్చింది. చవక బకిళ్ల మీద ఉండే నికెల్ పూత చెమటతో కలిస్తే కొందరి చర్మానికి పడదు. గిల్టు కమ్మలు పడనివారికి ఇదీ పడకపోవచ్చు. బెల్టును నిందించి మూడు బెల్టులు మార్చింది పాపం. బకిల్‌ను 316ఎల్ అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు మార్చాక తగ్గింది. స్టీలులోనూ నికెల్ ఉంటుంది కానీ అంత తేలిగ్గా బయటికి రాదు. దానికీ పడకపోతే టైటానియం ఉంది. దద్దు తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి, వీడియోలు చూడకండి.

ఐదోది నా సరదా. పోచంపల్లి ఇకత్ గుడ్డ ముక్కతో కుట్టించుకున్న బెల్టు. ఇదిగో. బాగుంది అనలేకపోతున్నాను. ఇకత్ అందమంతా నూలుకు ముందే రంగులు అద్ది నేసినందువల్ల బొమ్మ అంచులు కలిసీ కలవనట్టు ఉండటంలో ఉంది. చీరలో అది కళ్లకు విందు. 20 మిల్లీమీటర్ల పట్టీలో ఒక ఎర్ర మచ్చ, ఒక నల్ల మచ్చ, అంతే. పైగా రంధ్రం దగ్గర నూలు పోగులు విడిపోయాయి. చాచా రంధ్రాలకు చిన్న ఇత్తడి రింగులు కొట్టి కాపాడారు. ఆ రింగుల్లోకి మామూలు ముల్లు దూరక, సన్న ముల్లు ఉన్న బకిల్ మళ్లీ వెతకాల్సి వచ్చింది.

మడత బకిల్ గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు. తెరిస్తే మూడు మడతలుగా విప్పుకుని, నొక్కితే టక్కున మూసుకునేది. కార్టియర్ సంస్థ 1910 నాటికే దీనికి పేటెంట్ తీసుకుంది, కొత్త వింతేమీ కాదు. బెల్టును ఒకసారి సరిచేసి పెడితే ఇక రోజూ రంధ్రంలో వంచాల్సిన పని లేదు, తోలు ఎక్కువ కాలం వస్తుంది. కట్టుకునేటప్పుడు వాచీ చేయి జారదు. ఖరీదైన తోలు బెల్టుకు ఇది తప్పక పనికొస్తుంది. కానీ మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావ ఏం చేశాడంటే, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న బెల్టుకు దీన్ని తెప్పించుకున్నాడు. తోలు లోపల పట్టక బకిల్ మూసుకోదు, బలవంతంగా మూస్తే దానంతట అదే తెరుచుకుంటుంది. పైగా బావ మణికట్టు సన్నం. లోపలి స్టీలు పట్టీ నరాల మీద అట్లకాడలా ఒత్తుకుంటుంది. బకిల్ దగ్గర రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే బెల్టుకైతేనే దీని జోలికి వెళ్లండి.

చివరగా మా నాయన హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజెన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన వాచీలు. రోజూ తాళం ఇవ్వాల్సిందే, మా నాయన ఇప్పటికీ పొద్దున టీ తాగకముందే ఇస్తాడు. కొమ్ముల మధ్య కొలిస్తే 18, పాత బెల్టు చివర 16. బెల్టు పొడిబారి ముక్కలవుతోంది. బంగారు రంగు డబ్బా కాబట్టి బంగారు రంగు మడత బకిల్ ఒకటి తెచ్చి, కొత్త నల్ల బెల్టుకు వేసి ఇచ్చాను. టక్కుమని మూసుకోగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "బేడీ వేసినట్టుంది రా, తీసేయ్" అన్నాడు.

పాత బకిల్ పారేయకుండా దాచాను, అది మంచిదైంది. మీరూ దాచండి. పాత వాచీకి కంపెనీ గుర్తు ఉన్న సొంత బకిల్ మళ్లీ దొరకదు. పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో రుద్ది, కొత్త 16 పిన్ను వేసి, కొత్త బెల్టుకు తగిలించాను. పూత ఒక మూల పోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. ఆ మూల మీదే ఆయన బొటనవేలు ఆనేది. ఇప్పుడు కట్టుకుంటున్నాడు చూడండి. వాచీ వైపు చూడటం లేదు. టీవీ చూస్తూనే ముల్లును నాలుగో రంధ్రంలోకి దింపాడు.