సిబ్బంది శిక్షణకు మన వీడియోలు మనమే తీసుకోవడం

సభకు నమస్కారం.

సిబ్బంది శిక్షణకు బయటి వీడియోలు ఎన్ని దొరికినా, మన వార్డులో, మన పరికరాలతో, మన నర్సులే చేసి చూపగా తీసిన వీడియోకు అవి సాటి రావని నా గట్టి నమ్మకం. బయటి వీడియోలోని ఇన్‌ఫ్యూజన్ పంపు (రక్తనాళంలోకి మందును కొలిచి ఎక్కించే యంత్రం) మన దగ్గరున్నది కానప్పుడు, అర్ధరాత్రి అలారం మోగితే ఏ బటన్ నొక్కాలో కొత్తగా చేరిన నర్సుకు అది చెప్పలేదు.

అయితే వీడియో ముచ్చటగా ఉండాలన్న తాపత్రయంలో మనం ముందుగా కత్తిరించేది సమయాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల ప్రకారం ఆల్కహాల్ ద్రావణంతో చేతులు శుభ్రపరచుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో కడుక్కోవడానికి మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఎడిటింగులో దాన్ని ఎనిమిది సెకన్లకు కుదిస్తే, వ్యాఖ్యానంలో ఎంత స్పష్టంగా చెప్పినా, చూసినవారి మనసులో నిలిచేది ఆ ఎనిమిది సెకన్లే. అందుకే బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల చివరలు రుద్దే క్రమమంతా ఒక్క కోత లేకుండా చూపించాలని కోరుతున్నాను.

కెమెరా ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. ఎదురుగా నిలబడి తీస్తే కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. చేసేవారి భుజం వెనకనుంచి తీస్తే చూసేవారికి అవి తమ చేతుల్లాగే అనిపిస్తాయి. గ్లౌజులు విప్పేటప్పుడు, మొదటిది తీసేసిన చేతి వేళ్లు రెండో గ్లౌజు పైభాగాన్ని తాకకుండా మణికట్టు దగ్గర లోపలికి దూరే ఆ క్షణాన్ని దగ్గరనుంచి తీయకపోతే ఆ వీడియో తీసి ప్రయోజనం లేదు.

వార్డులో మానిటర్ల చప్పుడు ఉంటుంది కాబట్టి మాటను తరువాత నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేయడం మేలు. శుభ్రత సిబ్బందికి వారు ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పాలి. రోగులను చిత్రీకరించవద్దు; సహోద్యోగులు గానీ, బొమ్మ గానీ చాలు. వెనకనున్న బోర్డు మీద, కేస్ షీటు మీద, మానిటరు తెర మీద ఎవరి పేరూ కనిపించకుండా ఫ్రేము ఫ్రేముగా చూసుకోవాలి.

వైద్య విధానాలు మారుతుంటాయి. గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స అయిన సీపీఆర్‌లో ముందు శ్వాసమార్గం చూడాలన్న క్రమాన్ని 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్చి, ఛాతీ నొక్కడాన్ని మొదటికి తెచ్చింది. ఆ మార్పు వచ్చాక కూడా పాత వీడియో చూపిస్తూ ఉంటే, తప్పును మనమే శ్రద్ధగా నేర్పినట్లవుతుంది. కనుక ప్రతి వీడియో మొదట్లోనే తీసిన తేదీ, మళ్లీ పరిశీలించవలసిన తేదీ, బాధ్యత వహించే విభాగం పేరు ఉండాలి. గడువు దాటినదాన్ని ఆ విభాగమే వెంటనే తొలగించాలి. చూసిన ప్రతి ఒక్కరూ అదే పనిని పర్యవేక్షకుల ఎదుట ఒకసారి చేసి చూపాకే శిక్షణ పూర్తయినట్లు నమోదు చేయాలి.