ఫోన్-ఇన్: చిన్న బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచే ముందు

యాంకర్: నమస్కారమండీ. చిన్న బ్యాంకుల్లో సేవింగ్స్ ఖాతాల గురించి మీ సందేహాలకి ఇవాళ బ్యాంకింగ్ సలహాదారు జవాబులిస్తారు. మొదటి కాల్ అంబాజీపేట నుంచి. చెప్పండి.

కాలర్ (అంబాజీపేట): ఆయ్, నమస్కారమండి. వినపడుతోందాండి? మాది అంబాజీపేట పక్కనండి. కొబ్బరి తోటలో రోడ్డువైపు ముక్క అమ్మామండి, పన్నెండు లక్షలొచ్చినయ్యి. మావాడు హైదరాబాద్‌లో ఉంటాడండి, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో సేవింగ్స్‌లో ఏసెయ్యి నాన్నా, ఏడు శాతం దాకా ఇస్తారంటాడు. మా తోడల్లుడేమో ఊళ్ళో సంఘముంది, ఎనిమిదిన్నర ఇస్తారు, కుర్రాడు ఇంటికొచ్చి పట్టుకెళ్తాడంటాడు. మా ఆవిడేమో అసలు రెండూ వద్దంటదండి...

నిపుణుడు: బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. ఆ సంఘం బోర్డు మీద ఏమని ఉంది?

కాలర్: పొదుపు పరపతి సంఘం అనుంటదండి. జనం బ్యాంకనే అంటారు.

నిపుణుడు: జనం అన్నంత మాత్రాన బ్యాంకు కాదండీ. బ్యాంకు అనాలంటే రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉండాలి. 1995 మ్యాక్స్ చట్టం, అంటే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలు, మన ఊరి వ్యవసాయ సహకార సంఘాలు డిపాజిట్లు తీసుకుంటాయి, కానీ వాటికి డిపాజిట్ బీమా లేదు, అంటే సంస్థ మునిగితే మీ డబ్బు తిరిగిచ్చే బీమా. నడిపేవాళ్ళు మంచోళ్ళే కావచ్చు. అప్పులు తిరిగిరాకపోతే మాత్రం మీకు ఎవరూ పూచీ లేరు. చీటీ డబ్బుకీ, ఫైనాన్స్ కంపెనీలో వేసినదానికీ ఇదే మాట.

కాలర్: మరి మావాడు చెప్పింది?

నిపుణుడు: స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు లైసెన్సున్న బ్యాంకే. గ్రామీణ బ్యాంకు, పట్టణ సహకార బ్యాంకు, లోకల్ ఏరియా బ్యాంకు, ఇవన్నీ బీమా కిందకొస్తాయి. బీమా ఇచ్చేది డీఐసీజీసీ, రిజర్వ్ బ్యాంకు సొంత సంస్థ. ప్రీమియం బ్యాంకే కడుతుంది, మీరు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 4 నుంచి పరిమితి 5 లక్షలు. అంతకుముందు లక్షే.

కాలర్: ఒక్కో ఖాతాకి ఐదు లక్షలాండి? అయితే మూడు ఖాతాలు తీస్తే సరిపోద్దిగా.

నిపుణుడు: ఖాతాకి కాదు బాబాయ్ గారూ, ఒక మనిషికి ఒక బ్యాంకులో. అంబాజీపేటలో ఒకటి, అమలాపురంలో ఒకటి, రావులపాలెంలో ఒకటి తీసినా అదే బ్యాంకైతే అన్నీ కలిపి 5 లక్షలే. సేవింగ్సు, ఫిక్సెడు, రికరింగు అన్నీ కలుస్తాయి. పైగా అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు. అందుకే సరిగ్గా ఐదు వెయ్యకండి, నాలుగున్నర దగ్గర ఆపండి.

ఇంకో సంగతి. ఏడు శాతం అన్నారు చూశారూ, ఆ "దాకా" అన్న మాట పట్టుకోండి. చాలా బ్యాంకుల్లో రేటు మెట్లమెట్లుగా ఉంటుంది. ఉదాహరణకి మొదటి లక్షకి 3, లక్ష నుంచి ఐదు లక్షల దాకా 5, ఆపైన 7 అనుకోండి. మీరు నాలుగు లక్షలు వేస్తే మొదటి లక్ష మీద 3 వేలు, మిగతా మూడు లక్షల మీద 15 వేలు, మొత్తం ఏడాదికి 18 వేలు. అంటే నాలుగున్నర శాతమే పడింది. ఏడు శాతం ఎక్కడ మొదలైంది? ఐదు లక్షలు దాటాక, సరిగ్గా బీమా ఆగిపోయే చోట. ఎక్కువ వడ్డీ కోసం పోయే డబ్బుకే పూచీ ఉండదు. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ రేటు 2025 జూన్ నుంచి రెండున్నర, నాలుగు లక్షలకి 10 వేలు. అంటే తేడా 8 వేలు. తక్కువేం కాదు, తీసుకోండి. కానీ 5 లక్షల లోపలే ఉండి తీసుకోండి.

కాలర్: మరి పన్నెండూ ఎలాగండి?

నిపుణుడు: మీ పేరు మీద నాలుగున్నర, మీ ఆవిడ గారి పేరు మీద నాలుగున్నర. ఆవిడకి విడిగా 5 లక్షల బీమా ఉంటుంది. ఆ డబ్బు మీరిచ్చిందే గనక దాని మీద వడ్డీ ఆదాయపన్ను లెక్కలో మీ ఆదాయంలోనే చూపాలి, అది గుర్తుంచుకోండి. మిగతా మూడు లక్షలు ఇంకో బ్యాంకులో, మీకు ఎప్పుడంటే అప్పుడు అందేలా. ఇది ముఖ్యం. బీమా ఉంది కదాని డబ్బు మర్నాడే రాదండి. రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెడితే తియ్యడం ఆగిపోతుంది. 2019 సెప్టెంబరులో పీఎంసీ అనే ముంబై సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మొదట వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. తర్వాత 2021లో చట్టం మార్చారు. ఇప్పుడు అలా ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. మూడు నెలలండీ! సార్వా నాట్లో, తోటకి ఎరువో పడిన టైముకి ఆ డబ్బు చేతికి రాకపోతే? సీజను ఖర్చు వేరే బ్యాంకులో ఉండాలి.

కాలర్: అలాగేనండి. అయితే ఆ సంఘంలో ఒక్క రెండు లక్షలు ఏస్తే? మా తోడల్లుడు ఏసి నాలుగేళ్ళయిందండి, వడ్డీ ఠంచనుగా వస్తోంది...

నిపుణుడు: వడ్డీ ఠంచనుగా రావడం పూచీ కాదండీ. రెండు లక్షలైనా వద్దు. ఇంటికొచ్చే కుర్రాడు ఏ బ్యాంకువాడైనా సరే, నగదు ఇవ్వొద్దు. చెక్కు రాయండి, లేదా ఖాతా నుంచి ఖాతాకి పంపండి. నగదైతే కౌంటర్లో కట్టి, రసీదు మీద ముద్ర చూసుకుని, ఫోనుకి మెసేజ్ వచ్చాకే కదలండి. మెసేజ్ రాలేదా, అక్కడే అడగండి.

కాలర్: లైసెన్సుందో లేదో నాకెలా తెలుస్తదండి?

నిపుణుడు: మీ అబ్బాయితో చూపించండి. డీఐసీజీసీ వెబ్‌సైట్లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంది. అందులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, దగ్గర దగ్గరగా ఉంటే చాలదు. బ్యాంకు వెబ్ చిరునామా చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండాలి. 2025 అక్టోబరు లోపు బ్యాంకులన్నీ దానికి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది.

యాంకర్: థాంక్యూ అండీ. భీమవరం లైన్లో ఉన్నారు.

కాలర్ (భీమవరం): సార్, రొయ్యల చెరువులండి. నా పేరు మీద సేవింగ్స్, ఫర్మ్ పేరు మీద కరెంట్ ఖాతా, రెండూ ఒకే సహకార బ్యాంకులో. విడివిడిగా లెక్కేనా?

నిపుణుడు: ఫర్మ్‌కి మీరొక్కరే యజమానా?

కాలర్: అవునండి.

నిపుణుడు: అయితే రెండూ కలిపి 5 లక్షలే. భాగస్వామ్య సంస్థయితే విడిగా లెక్క. అప్పేమైనా ఉందా అక్కడ?

కాలర్: ఓడీ ఉందండి, అదే ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు, మూడు లక్షలు వాడాను.

నిపుణుడు: బ్యాంకు మూతపడితే ఆ బాకీ మినహాయించి మిగతాదే ఇస్తారు. మేత డబ్బు అక్కడ పెట్టకండి. ఇంకోటి, వార్షిక నివేదిక అడిగి రెండు అంకెలు చూడండి. నికర మొండి బాకీలు, అంటే వాటికోసం బ్యాంకు పక్కన పెట్టిన సొమ్ము పోగా మిగిలిన రాని బాకీలు, 3 శాతం దాటితే ఎందుకని అడగండి, 6 దాటితే వద్దు. మూలధన నిష్పత్తి, అంటే ఇచ్చిన అప్పులతో పోలిస్తే బ్యాంకు సొంత పెట్టుబడి, చిన్న సహకార బ్యాంకుకి కనీసం 9 శాతం, పెద్దవాటికి 12, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుకి 15 ఉండాలి. నివేదిక ఇవ్వడానికి నసిగితే అదే జవాబనుకోండి.

యాంకర్: థాంక్యూ. నరసాపురం నుంచి.

కాలర్ (నరసాపురం): నమస్తే అండి. లేసు పని చేస్తానండి. తొమ్మిది వేలు దాచుకున్నాను. చిన్న బ్యాంకాయన ఖాతా తియ్యమంటున్నాడు, ఐదు వేలు ఉంచాలంట.

నిపుణుడు: అమ్మా, మీకు ఆ ఖాతా వద్దు. ఐదు వేలు తగ్గితే జరిమానా పడుతుంది, మీకొచ్చే వడ్డీ దానికే పోతుంది. ఏ బ్యాంకులోనైనా బేసిక్ సేవింగ్స్ ఖాతా అని అడగండి, అందులో కనీస నిల్వ ఉండదు. నెలకి నాలుగుసార్లు ఛార్జీ లేకుండా తీసుకోవచ్చు. లేదంటే పోస్టాఫీసు సేవింగ్స్, 500 ఉంచితే చాలు, 4 శాతం వడ్డీ, కేంద్ర ప్రభుత్వం పూచీ.

కాలర్: ఆధార్ కూడా అడిగాడండి, లింక్ చేస్తానని.

నిపుణుడు: గుర్తింపుకి ఆధార్ ఇవ్వొచ్చు. ప్రభుత్వ పథకాల డబ్బు ఈ ఖాతాలోకే రావాలన్న కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టొద్దమ్మా. ఆఖరున ఏ బ్యాంకుకి లింకు చేస్తే డబ్బు అందులోకే మళ్ళిపోతుంది. పాత ఖాతాలో వెతుక్కుంటూ కూర్చుంటారు.

యాంకర్: ఏలూరు, త్వరగా అడగండి.

కాలర్ (ఏలూరు): చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకులో నాలుగు లక్షలుందండి. విశాఖలో ఉద్యోగం చేసినప్పుడు గ్రామీణ వికాస్ బ్యాంకులో మూడు వేశాను. రెండూ కలిసిపోయాయి కదా?

నిపుణుడు: మంచి ప్రశ్న. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. కాబట్టి మీ ఏడు లక్షలూ ఇప్పుడు ఒకే బ్యాంకులో ఉన్నట్టు. బీమా 5కే. ప్రభుత్వాల వాటా ఉన్న బ్యాంకు, కంగారు అక్కర్లేదు. లెక్క ప్రకారం ఉండాలనుకుంటే రెండు లక్షలు ఇంకోచోటికి మార్చుకోండి.

యాంకర్: కాకినాడ... కాకినాడ లైన్ తెగినట్టుంది. తణుకు.

కాలర్ (తణుకు): పేమెంట్స్ బ్యాంకులో మూడు లక్షలు వేయొచ్చా అండి?

నిపుణుడు: కుదరదు. రోజు చివరికి 2 లక్షలు మించి ఉంచకూడదు.

యాంకర్: ఆఖరి కాల్, రాజోలు.

కాలర్ (రాజోలు): మా ఆయన కువైట్‌లో ఉంటారండి. నా పేరు మీద స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో తీశాం. కార్డు పోతేనో, డబ్బు పోతేనో బ్రాంచి రాజమండ్రిలో ఉందండి, ఎలాగ?

నిపుణుడు: మీకు తెలియకుండా డబ్బు పోతే ముందు బ్యాంకు నంబరుకి, ఆ వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. మీ తప్పు లేనప్పుడు మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీదే. ఫిర్యాదు నంబరు రాసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకులో ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, వివరాలకి 14448. నామినీ పెట్టారా అమ్మా?

కాలర్: లేదండి.

నిపుణుడు: రేపే పెట్టండి. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా పెట్టొచ్చు. పాస్‌బుక్కులో నామినేషన్ నమోదైనట్టు రాయించుకోండి.

యాంకర్: సమయం అయిపోయిందండి. ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు.