లేబుల్ అచ్చు వేయించే ముందు

శ్రోతలకు నమస్కారం.

సీసా మీదో డబ్బా మీదో అతికించడానికి సొంతంగా లేబుల్ వేయించుకుందామని ప్రెస్సుకు వెళ్తే ముందుగా ఎదురయ్యేది ప్రశ్నల వర్షం. కాగితమా, ఫిల్మా? మెరిసే గ్లాసీయా, మెరవని మ్యాటా? బ్లీడ్ ఇచ్చారా? డై ఉందా, కొత్తది చేయించాలా? రోలా, షీట్లా? ధర కనుక్కుందామని వెళ్లిన మనిషి బిక్కమొహం వేసి, "మీకు ఏది మంచిదనిపిస్తే అది వేయండి" అనేస్తాడు. చిక్కులు అక్కడే మొదలవుతాయి. ఎందుకంటే ఆ లేబుల్ ఎక్కడ, ఎలాంటి పరిస్థితిలో ఉండబోతోందో ప్రెస్సువారికి తెలియదు.

ఒక స్టిక్కరు తీసుకుని గోటితో అంచు లేపి చూడండి. పైన బొమ్మ ఉన్న పొర, దాని వెనుక జిగురు, అడుగున నున్నటి కాగితం. ఆ అడుగు కాగితాన్ని లైనర్ అంటారు. దాని మీద సిలికాన్ పూత ఉంటుంది కనుకే జిగురు దాన్ని గట్టిగా పట్టుకోదు. ఇలా ఒలిచి అతికించే లేబుళ్ల వ్యాపారాన్ని 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ మొదలుపెట్టారు.

లేబుల్‌ను కావలసిన ఆకారంలో కోసే పదునైన అచ్చు పేరు డై. అది పై పొరనూ జిగురునూ కోసి, సరిగ్గా లైనర్ దగ్గర ఆగిపోవాలి. దీన్ని కిస్ కట్ అంటారు. లైనర్‌గా ఎక్కువగా వాడే గ్లాసిన్ కాగితం మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కత్తి కాస్త లోతుగా దిగితే అతికించే యంత్రం మీద రోలు పుటుక్కున తెగుతుంది. కాస్త పైన ఆగితే లేబుల్ ఊడి రాదు. ఇంత సన్నటి తేడా మీద నడిచే పని ఇది.

కోత వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం మామూలే. అందుకే నేపథ్యం రంగును కోత గీత దాటించి ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా పరుస్తారు. అదే బ్లీడ్. అది ఇవ్వకపోతే అంచున తెల్లటి గీత బయటపడుతుంది. అక్షరాలను మాత్రం అంచుకు తగలనీయకుండా లోపలికే ఉంచాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేవారు అన్నిటికన్నా తక్కువగా అడిగేది జిగురు గురించి. శాశ్వతంగా పట్టుకునేది ఒకటి, మరక మిగల్చకుండా ఊడి వచ్చేది ఒకటి, ఫ్రీజర్ చలికి తట్టుకునేది ఇంకొకటి. ప్రతి జిగురుకూ రెండు ఉష్ణోగ్రతలు చెబుతారు: అతికించేటప్పుడు ఉండవలసిన కనీస వేడి, అతికిన తర్వాత తట్టుకోగల వేడి, చలి. గదిలో అతికించి ఆ తర్వాత చల్లబరిస్తే నిక్షేపంగా నిలిచే లేబుల్, చెమట పట్టిన చల్లని సీసాకు అతికిస్తే జారిపోవచ్చు. పాలిథీన్ సీసాలకు చాలా జిగుర్లు సరిగా అంటవు. నొక్కి వాడే సీసా అయితే కాగితపు లేబుల్ ముడతలు పడుతుంది, సీసాతో పాటు వంగే ఫిల్మ్, అంటే పల్చటి ప్లాస్టిక్ పొర, కావాలి. నూనె సరుకైతే కాగితం నూనె పీల్చి నల్లబడుతుంది. అందుకే నమూనా లేబుళ్లు తెచ్చుకుని, అసలు సీసాలకే అతికించి, కొన్నాళ్లు చూడటానికి బద్ధకించకండి.

ఇక రంగులు. కంప్యూటర్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సులో నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలు కలిసి రంగు తేవాలి. తెర మీది మిలమిల అంతా కాగితం మీదికి రాదు. తమ గుర్తింపు రంగు ప్రతిసారీ ఒకేలా రావాలనుకునేవారు దాన్ని విడిగా కలిపిన స్పాట్ సిరాతో వేయించుకుంటారు. ఒక్కో రంగుకు ఒక్కో నంబరు పెట్టిన ప్యాంటోన్ పట్టిక 1963 నుంచి వాడుకలో ఉన్నది అందుకే. పారదర్శక ఫిల్మ్ మీద అయితే రంగుల కింద తెల్ల సిరా వేయమని మరిచిపోకుండా చెప్పాలి, లేకపోతే లోపలి సరుకు రంగు పైకి కనబడి బొమ్మ వెలవెలపోతుంది. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే చాలు. నాలుగు సిరాలు కలిపితే అంచులు మసకబారతాయి.

బార్‌కోడ్‌ను ఎరుపులో వేయించి అందంగా ఉందని మురిసిపోయేవారున్నారు. చాలా స్కానర్లు ఎర్రటి కాంతితోనే చదువుతాయి కనుక, తెలుపు మీది ఎర్ర గీతలు వాటికి కనబడవు. బార్‌కోడ్‌కు రెండు వైపులా ఖాళీ జాగా కూడా వదలాలి. సన్నటి గుండ్రని సీసా అయితే గీతలు నిచ్చెన మెట్లలా పడేటట్లు తిప్పి వేస్తే బాగా చదువుతుంది.

అచ్చు పద్ధతి సంగతి రెండు మాటల్లో చెబుతాను. మెత్తటి అచ్చు ప్లేట్లతో వేసే ఫ్లెక్సోలో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు చేయించాలి, కాబట్టి పెద్ద సంఖ్యలో వేయించినప్పుడే గిట్టుబాటు. కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు వేసే డిజిటల్‌లో ప్లేటు అక్కరలేదు, కొద్ది సంఖ్యకూ రకరకాల డిజైన్లకూ అది మేలు.

రోలుగా తీసుకునేవారిని ప్రెస్సువారు ఇంకో ప్రశ్న వేస్తారు: చుట్టే దిశ ఏది? లేబుల్ బయటికి ఉండాలా లోపలికా, విప్పుతుంటే తల ముందు రావాలా, అడుగా, ఎడమ అంచా, కుడి అంచా? ఈ ఎనిమిది రకాలకూ నంబర్లతో పటం ఉంటుంది. అతికించే యంత్రం ఉన్నవారు ఆ యంత్రానికి ఏ నంబరు కావాలో, మధ్య గొట్టం లోపలి వ్యాసం ఎంతో ముందే కనుక్కోవాలి. తల, అడుగు తారుమారైతే రోలును మళ్లీ చుట్టి సరిచేయవచ్చు. నిలువుగా రావలసినది అడ్డంగా అచ్చయితే మాత్రం కొత్తగా వేయించడమే. చేత్తో అతికించుకునేవారికి ఈ గొడవే లేదు, ఎటు నుంచి ఒలిచినా ఒకటే.