ఆఫ్‌రోడ్ టర్బో బండికి ఇంటర్‌కూలర్ ఎలా ఎంచుకోవాలి

నమస్తే అండీ. ఈ రోజు ఆఫ్‌రోడ్ తిరిగే టర్బో బండికి ఇంటర్‌కూలర్ ఎలా ఎంచుకోవాలో చూద్దాం. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి నెడుతుంది, అలా నొక్కితే వేడెక్కే గాలిని ఇంజిన్‌లోకి పోయేముందు చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. అందరూ ముందు అడిగేది ఎంత పెద్దది వేయాలి అని. నేనైతే వేరే ప్రశ్నతో మొదలుపెడతాను. బండి నడిచే మనిషి కంటే నెమ్మదిగా కదులుతూ, ఇంజిన్ మాత్రం ఫుల్ లోడ్ మీద గర్జిస్తూ ఉంటే, అప్పుడు ఇంటర్‌కూలర్‌కి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? హైవే మీద పోయే కారుకి గాలి దానంతటదే వచ్చి తగులుతుంది. మనకి ఆ సుఖం లేదు.

అసలు వేడి ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. బయట 30 డిగ్రీలు ఉంది, టర్బో 15 పీఎస్ఐ బూస్ట్ (మామూలు గాలి మీద అదనపు ఒత్తిడి) ఇస్తోంది, అంటే గాలిని దాదాపు రెండింతల ఒత్తిడికి నొక్కుతోంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోంది అనుకుంటే, బయటికొచ్చే గాలి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. మరిగే నీళ్ల కంటే వేడి! ఇంటర్‌కూలర్ బాగా పనిచేస్తే అది 60 లోపుకి దిగుతుంది, అదే ఒత్తిడిలో గాలి సాంద్రత 20 శాతం దాకా పెరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే పేలడం) బాధ తగ్గుతుంది, డీజిల్‌కి ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం చెప్తాను. రాళ్ల మీద మెల్లగా పాకే డ్రైవింగ్‌లో బూస్ట్ పెద్దగా రాదు, యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి ఉంటుంది, కాబట్టి ఇంటర్‌కూలర్‌కి అక్కడ పని తక్కువ. అసలు పరీక్ష ఇసుకలోనూ, లో రేంజ్ గేర్లలో (వేగం తగ్గించి బలం పెంచేవి) ఎక్కే పొడవాటి ఎత్తుల మీదా. అక్కడ బూస్ట్ ఫుల్లు, వేగం మాత్రం ఉండదు. ఒకవేళ మీరు తిరిగేది ఎక్కువగా రాళ్లలోనే అయితే, కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ శుభ్రంగా ఉంచుకుని ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి, నిజంగా చెప్తున్నాను.

సరే, రకాల్లోకి వద్దాం. మొదటిది టాప్ మౌంట్, ఇంజిన్ మీదే పడుకుని ఉంటుంది, బానెట్ మీద స్కూప్ గుండా గాలి వస్తుంది. ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్‌లో 4.5 లీటర్ల వీ8 డీజిల్ చూసే ఉంటారు, ఆ బానెట్ మీద స్కూప్ ఉన్నది దీనికోసమే. రాయి తగలదు, బురద కొట్టదు, పైపులు పొట్టివి. కానీ బండి నెమ్మదించిందంటే స్కూప్‌లో గాలి ఉండదు, కింద నుంచి ఇంజిన్ వేడి పైకి కొడుతూనే ఉంటుంది, కాసేపటికి చల్లబరచాల్సిన కోరే (ఇంటర్‌కూలర్‌లో గాలి చల్లబడే రెక్కల భాగం) వేడెక్కి కూర్చుంటుంది. దీనికి మందు ఏంటంటే, కోర్ కింద ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్, గాలిని పైనుంచి కిందికి లాగేలా. దానితో పాటు కోర్ అంచుల చుట్టూ రబ్బరు సీల్ గట్టిగా ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఆ సందుల్లోంచి ఇంజిన్ వేడి గాలినే లాగి తిప్పుతుంది. టాప్ మౌంట్ ఉన్నవాళ్లు కొత్త కోర్ గురించి ఆలోచించే ముందు ఆ సీల్ ఒకసారి వేలితో తడిమి చూడండి.

రెండోది ఫ్రంట్ మౌంట్, గ్రిల్ వెనకాల, రేడియేటర్ ముందు. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, కానీ ఒక షరతు మీద. దీని వెనక రేడియేటర్, ఏసీ కండెన్సర్ ఉన్నాయి, అవి కూడా అదే గాలి మీద బతకాలి. 200 హార్స్‌పవర్ లాగే పెట్రోల్ ఇంజిన్ సెకనుకి సుమారు 150 గ్రాముల గాలి పీలుస్తుంది, ఆ గాలిని 65 డిగ్రీలు చల్లబరచాలంటే దాదాపు 10 కిలోవాట్ల వేడి బయటికి తీయాలి. అదంతా రేడియేటర్ ముఖాన కొట్టినట్టే. అందుకే లావుపాటి కోర్ పెట్టేసి ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతోందని తల పట్టుకునేవాళ్లు చాలామంది. మందం కంటే వెడల్పు, ఎత్తు ముఖ్యం. ముందు వరుసలో గాలి వేడెక్కిపోయాక వెనక వరుసలు చేసే పని తక్కువ, అడ్డం మాత్రం పూర్తిగా పడుతుంది. ముందు బుల్ బార్, దాని మీద వించ్, రెండు లైట్లు పెట్టుకుని ఉంటే, కోర్‌లో ఎంత భాగానికి గాలి తగులుతోందో బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని చూడండి.

ఇదిగో, రెండు కోర్లు పక్కపక్కన పెట్టాను. ఇది బార్ అండ్ ప్లేట్, బరువుంది, అంచులు దిమ్మల్లా ఉన్నాయి, రాయి తగిలినా తట్టుకుంటుంది, వేడిని కాసేపు తనలో దాచుకుంటుంది కూడా. ఇది ట్యూబ్ అండ్ ఫిన్, తేలిక, వెనక్కి గాలి బాగా వదులుతుంది, కానీ ఒక గులకరాయి గట్టిగా కొడితే ట్యూబుకి చిల్లు పడొచ్చు. నా ఓటు బార్ అండ్ ప్లేట్‌కే, అయితే రెక్కలు మరీ దగ్గరగా లేనిది. దగ్గరగా ఉంటే బురద ఇటుకలా పట్టేస్తుంది. కడిగేటప్పుడు హై ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టకండి, రెక్కలు ఒరిగిపోతాయి. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి, బురద వచ్చిన దారినే తోసెయ్యండి.

మూడోది వాటర్ ఇంటర్‌కూలర్. ఇందులో గాలి వేడిని నీళ్లు తీసుకుంటాయి, ఆ నీళ్లని పంపు తిప్పుతుంది, ముందుండే ఒక చిన్న రేడియేటర్ చల్లబరుస్తుంది. బరువుకి బరువు చూస్తే నీళ్లు గాలి కంటే నాలుగింతలు వేడి పట్టుకుంటాయి. ఇసుక దిబ్బ ఒక్క ఊపులో ఎక్కి, పైన ఆగి ఊపిరి తీసుకునే వాళ్లకి ఇది బ్రహ్మాండం. పొడవాటి ఎత్తు మీద కథ వేరు. ఇందాకటి 10 కిలోవాట్లే తీసుకోండి, సిస్టమ్‌లో 10 లీటర్ల నీళ్లుండి, దాని రేడియేటర్‌కి గాలే అందకపోతే, ఆ నీళ్లు నిమిషానికి 14 డిగ్రీల చొప్పున వేడెక్కుతాయి. కాబట్టి ఇందులో కూడా ముందుండే చిన్న రేడియేటర్‌కి సొంత ఫ్యాన్ ఉండాల్సిందే. ఇంజిన్ కూలెంట్‌తో దీన్ని కలపకూడదు. అది 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటుంది, ఇక చల్లబరిచేదేముంటుంది? పంపు ఆగిపోతే మనకి తెలియదు, అందుకని డ్యాష్‌బోర్డు మీద ఒక లైటో, వేడి చూపించే మీటరో పెట్టుకోండి.

పైపుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఒకసారి ఇసుకలో దిబ్బ సగం ఎక్కాక ‘ఫట్’ మని శబ్దం, వెంటనే బలం మొత్తం పోయింది, వెనకంతా నల్లటి పొగ. దిగి చూస్తే ఇంటర్‌కూలర్ హోస్ ఊడి వేలాడుతోంది. బిగించినచోట మామూలు స్క్రూ క్లాంపు వేశారు, పైపు చివర ఉబ్బెత్తు అంచు లేదు, లోపల సన్నగా ఆయిల్ పూత, నున్నగా జారిపోయింది. కాలే పైపుని గుడ్డతో పట్టుకుని ఎండలో మళ్లీ బిగించడానికి గంట పట్టింది. అందుకే టీ-బోల్ట్ క్లాంపులు, పైపు చివర అంచు, డీజిల్ అయితే లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్న హోస్‌లు అడగండి, ఆయిల్ ఆవిరికి మామూలు సిలికాన్ మెత్తబడుతుంది.

పైపులు కిందికి ఉంటే నీళ్లలో కూడా జాగ్రత్త. బూస్ట్ ఉన్నప్పుడు లీకు గాలిని బయటికి తోస్తుంది, కాలు తీసేస్తే అదే చిల్లు నీళ్లని లోపలికి పీల్చే వీలుంది. వాగులో దిగేముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆపెయ్యండి. ఇంకోటి, పాత టర్బో పగిలిపోయి కొత్తది వేస్తుంటే, ఇంటర్‌కూలర్ విప్పి కడగకుండా బిగించొద్దు. లోపల లోహపు ముక్కలూ, ఆయిలూ కూర్చుని ఉంటాయి, డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి అదుపు తప్పి పరిగెత్తగలదు.

బిగించాక లీక్ టెస్ట్. ఇంజిన్ ఆపి, టర్బో నోరు మూసి, రెగ్యులేటర్ పెట్టి మీ బూస్ట్ దాకా మెల్లగా గాలి ఎక్కించండి, ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు కొట్టండి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) నుంచి వచ్చే బ్రీదర్ పైపు విడిగా మూయడం మర్చిపోవద్దు, లేకపోతే గాలి క్రాంక్‌కేస్‌లోకి పోయి సీళ్లు దెబ్బతింటాయి. తర్వాత ఇంటర్‌కూలర్‌కి ముందొకటి, వెనకొకటి వేడి సెన్సర్ పెట్టి, మీకు బాగా తెలిసిన ఎత్తు ఒకటి ఎక్కండి. పాత కోర్‌తో ముందే ఒకసారి ఎక్కి అంకెలు రాసిపెట్టుకుని ఉంటే ఇంకా మంచిది. రెండు వైపులా ఒత్తిడి తేడా 1 నుంచి 2 పీఎస్ఐ ఉంటే బాగున్నట్టే, 3 దాటితే కోరో, పైపో గొంతు నొక్కుతోంది. అదే ఎత్తు మీద, ఏసీ ఆన్‌లో పెట్టి, ఇంజిన్ కూలెంట్ వేడి కూడా చూడండి. అది ముందు కంటే పైకి పోతూ ఉంటే, గాలి ఎంత చల్లబడినా సరే, ఆ కోర్ తీసి పలుచటిది వేయండి.