పెరటి తోటలో పొద్దు లెక్క

శ్రోతలకు నమస్కారం. పెరట్లోనో మిద్దె మీదనో కొత్తగా కూరగాయలు పెంచదలచినవారు ముందుగా మట్టి గురించి, ఎరువు గురించి అడుగుతారు. అవి అవసరమే, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, కుండీ అడుగున నీరు పోయే దారి ఉంచితే చాలా కూరలు పండుతాయి. అయితే మొదటి ఏడాది కలిగే నిరాశలో ఎక్కువ భాగం మట్టి వల్ల కాక, ఏ విత్తనానికి ఏది అదునో తెలియకపోవడం వల్ల కలుగుతుంది.

చిక్కుడునే చూడండి. పందిరి మీద పాకే మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గినప్పుడే పూతకు వస్తుంది. సంక్రాంతి దాటాక గింజ నాటినవారికి వేసవి అంతా తీగ కనిపిస్తుంది, ఆకు కనిపిస్తుంది, పువ్వు మాత్రం కనిపించదు. పూత రాలేదని ఎరువు వేసేకొద్దీ ఆకు మరింత దట్టమవుతుంది. అదే గింజను తొలకరి వానలకు, జూన్, జూలై నెలల్లో నాటితే చలికాలంలో గుత్తులు గుత్తులుగా కాస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల మీద పరమాన్నం నివేదించే ఆచారం నెలకొల్పిన పెద్దలకు ఈ పొద్దు లెక్క చక్కగా తెలుసునని నా నమ్మకం.

టమాటాకు వేడితో చిక్కు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాలిపోతుంది. కనుక మే నెలలో ఖమ్మంలోనో కడపలోనో మిద్దె మీద టమాటా కాయలేదంటే అది పెంచినవారి లోపం కాదు. ఆ కుండీలో అప్పటికి తోటకూర, బచ్చలి వేసుకుని, టమాటా నారు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పోసుకోవడం మేలు. తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. కొత్తవారు దానితోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తొలి నెలలోనే సొంత కూర వండుకున్నవారు తోటను అంత సులభంగా విడిచిపెట్టరు.

నీటికీ వేళ ఉంది. మిట్టమధ్యాహ్నం సొర, గుమ్మడి ఆకులు వాలిపోయినా సాయంత్రానికి వాటంతట అవే తేరుకుంటాయి. మట్టిలో వేలు దింపి, లోపల తడి లేదని తేలితేనే నీరు పోయాలి. లేకుంటే వేళ్లు కుళ్లుతాయి.

ఇక తీగజాతి కూరల్లో పిందెలు పసుపుబారి రాలితే చాలామంది తెగులనుకొని మందు కొడతారు, దానితో రావలసిన తేనెటీగలు కూడా చనిపోతాయి. చాలాసార్లు అసలు కారణం పుప్పొడి అందకపోవడమే. ఈ తీగలకు మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. పువ్వు వెనుక చిన్న పిందె ఉంటే అది ఆడ పువ్వు. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది, సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు అంతగా రాని మిద్దెల మీద, పూలు విచ్చిన ఆ పూటే మగ పువ్వును కోసి, రేకలు తీసివేసి, ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దాలి. మర్నాటికి ఆ పువ్వు ముడుచుకుపోతుంది.