మచ్చ లేని పొట్టలో మూసుకుపోయిన పేగు

నమస్కారం. ఈ హాల్లో హౌస్ సర్జన్లు ఉన్నారు, క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ చేసే మెడికల్ ఆఫీసర్లు ఉన్నారు, సర్జరీ పీజీలు ఉన్నారు. పేగు మూసుకుపోయిన రోగిని ముందు చూసేది మీరే, సర్జన్ తర్వాత వస్తాడు. ఆ మొదటి గంటల్లో మీరు అడిగే ప్రశ్నలను బట్టే ఆ పేగు బతుకుతుందో, కోసి తీసేయాల్సి వస్తుందో చాలాసార్లు తేలిపోతుంది.

నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలం గాలి రెండూ ఆగిపోవడం. ఈ నాలుగూ చూసి కేస్ షీట్ మీద ‘ఇంటెస్టినల్ అబ్‌స్ట్రక్షన్’ అని రాయడం మీ అందరికీ వచ్చు. ఇబ్బందంతా ఆ మాట రాశాకే మొదలవుతుంది. రాయగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ముక్కు నుంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేస్తాం, సెలైన్ పెడతాం, పొద్దున రౌండ్స్ దాకా ఆగుతాం. ఎందుకు మూసుకుపోయిందని ఎవరూ అడగరు. అరుదైన కారణాల పేర్లు మనకు చదువుకునేటప్పుడే వచ్చు. పరీక్షలో రాస్తాం, రోగి మంచం పక్కన గుర్తుకు తెచ్చుకోం. నా బాధ అదే.

మామూలు కారణాలు చెప్పి ముందుకు వెళ్తాను: పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుపోవడం, హెర్నియా, క్యాన్సర్ గడ్డలు. మన దేశంలో పేగు టీబీని, సిగ్మాయిడ్, అంటే పెద్దపేగు చివరి వంపు, మెలిపడటాన్ని కూడా వీటితో కలిపి లెక్కపెట్టాలి. మన తెలుగు నేలకు సంబంధించి ఇంకో సంగతి ఉంది. గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. ట్యూబెక్టమీ సరేసరి. అంటే మన దగ్గరికి వచ్చే నడివయసు ఆడవాళ్లలో చాలామందికి పొట్ట మీద ఏదో ఒక మచ్చ ఉంటుంది. మచ్చ కనబడగానే ‘అతుకులే’ అనేస్తాం. చాలాసార్లు నిజమే. కానీ మచ్చ ఉన్న మనిషికి పిత్తాశయంలో రాయి ఉండకూడదని ఎక్కడా లేదు, టీబీ రాకూడదనీ లేదు. పాత ఆపరేషన్‌లో లోపల మరచిపోయిన గుడ్డ కొన్నేళ్లకు పేగు గోడను తొలుచుకుని లోపలికి వెళ్లి దారి మూసేసిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇక మచ్చ లేదు, గజ్జల్లో గానీ బొడ్డు దగ్గర గానీ హెర్నియా లేదు, అయినా పేగు మూసుకుపోయింది. అక్కడ మనం గట్టిగా ఆలోచించాలి. అలాంటి పొట్టలోనూ పుట్టుకతో వచ్చిన పోగు గానీ, ఎప్పుడో వాపు వచ్చి తగ్గాక మిగిలిన అతుకు గానీ ఉండొచ్చు. కాబట్టి అందరినీ వెంటనే టేబుల్ ఎక్కించమని నేను చెప్పడం లేదు. సీటీ తీయకుండా మాత్రం వదలొద్దు. కిడ్నీలు బాగుంటే నరానికి కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడేలా చేసే మందు) ఇచ్చి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం దగ్గర నుంచి తొడల మొదలు దాటేదాకా తీయించండి. తొడల దాకా ఎందుకో ఇప్పుడు చెబుతాను.

80 ఏళ్ల అవ్వ వచ్చిందనుకోండి. ఎండిపోయిన మనిషి, నడుము వంగింది, అయిదారు కాన్పులు అయ్యాయి. కొన్ని నెలలుగా కుడి తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా లాగుతోందని ఇంట్లో చెబుతూనే ఉంది. కీళ్ల అరుగుదల అని నొప్పి మాత్రలు ఇప్పించారు. మధ్యమధ్యలో కడుపునొప్పి, వాంతులు వచ్చి వాటంతటవే తగ్గాయి, గ్యాస్ అన్నారు. ఈసారి తగ్గలేదు. ఇలాంటి మనిషిలో ఆబ్చురేటర్ హెర్నియా ఉందేమో చూడకుండా మీరు కదలొద్దు.

కటి ఎముకలోని పెద్ద రంధ్రాన్ని ఒక పొర కప్పి ఉంటుంది. ఆ పొర పైభాగంలో సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు ఉన్న దారి గుండా ఆబ్చురేటర్ నరం, రక్తనాళాలు తొడలోకి దిగుతాయి. మామూలుగా ఆ దారిని కొవ్వు నింపి ఉంచుతుంది. మనిషి చిక్కిపోతే కొవ్వు కరుగుతుంది, ఆ ఖాళీలోకి చిన్నపేగు దూరుతుంది. ఎడమ వైపు సిగ్మాయిడ్ అడ్డుగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా కుడి వైపే వస్తుంది. దూరిన పేగు నరాన్ని నొక్కుతుంది, ఆ తొడ నొప్పి అక్కడి నుంచే. కాలు చాపి, పక్కకు జరిపి, లోపలి వైపు తిప్పితే నొప్పి పెరుగుతుంది. తుంటి దగ్గర కాలు ముడిస్తే తగ్గుతుంది. హౌషిప్-రోంబెర్గ్ సైన్ అని చదివారే, అది ఇదే. చాలామందిలో అది కనబడదు కూడా, కాబట్టి సైన్ లేదని హెర్నియా లేదనుకోకండి.

బయటికి గడ్డ కనబడదు, పెక్టినియస్ కండరం కింద ఉంటుంది. మలద్వారం నుంచి గానీ యోని నుంచి గానీ వేలితో పరీక్ష చేస్తే ఆ పక్కన నొక్కితే నొప్పెట్టే గడ్డ తగలొచ్చు. ముసలావిడ కదా, ఇబ్బంది పడుతుందని ఈ పరీక్ష మానేస్తుంటారు. విషయం చెప్పి, కుటుంబంలోని ఆడమనిషిని పక్కన ఉంచుకుని, మర్యాదగా చేయండి. ఇంకో చిక్కేమిటంటే, ఈ హెర్నియాలో తరచుగా పేగు చుట్టుకొలతలో కొంత భాగమే ఇరుక్కుంటుంది, రిక్టర్ హెర్నియా అంటాం. అప్పుడు గాలి, మలం కాస్త కాస్త పోతూనే ఉంటాయి. ‘మోషన్ అయింది కదా’ అని మనం ధైర్యంగా ఉంటాం, లోపల ఇరుక్కున్న ముక్క చచ్చిపోతుంటుంది.

ఫ్రెంచ్ సర్జన్ ఆర్నో ద రోన్సిల్ 1724లోనే దీన్ని వర్ణించాడు. 300 ఏళ్లు దాటినా ఈ రోజుకీ చాలామందిలో పొట్ట కోశాకే ఇది బయటపడుతోంది. సీటీలో పెక్టినియస్‌కీ ఆబ్చురేటర్ ఎక్స్‌టర్నస్‌కీ మధ్య పేగు ముక్క స్పష్టంగా కనబడుతుంది, సీటీని అక్కడిదాకా తీస్తేనే. పీజీలకు ఒక మాట: కింది మధ్యగీత మీద కోత పెట్టి పేగును మెల్లగా వెనక్కి తీయండి. రాకపోతే పొరను కొంచెం కోయాలి, గట్టిగా లాగితే పేగు చిరుగుతుంది. నల్లబడిన ముక్క ఉంటే తీసేసి చివరలు కలపండి. లోపల శుభ్రంగా ఉంటే మెష్ (వల) పెట్టొచ్చు, చీము, మలం పడి ఉంటే కుట్లతో సరిపెట్టండి.

రెండోది పిత్తాశయపు రాయి. ఎన్నాళ్ల నుంచో వాపుతో ఉన్న పిత్తాశయం చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్‌కు అతుక్కుని, రాయి గోడలను తొలుచుకుని పేగులో పడుతుంది. చిన్న రాయి అయితే మలంలో పోతుంది. సుమారు రెండున్నర సెంటీమీటర్లు దాటితే ఎక్కడో ఇరుక్కుంటుంది, ఎక్కువగా ఇలియం (చిన్నపేగు చివరి భాగం) చివర, అక్కడ పేగు సన్నం కాబట్టి. ఆ లోపు ఒకచోట ఆగి, మళ్లీ కదిలి, ఇంకోచోట ఆగుతుంది. నొప్పి వచ్చి పోతూ ఉంటుంది, మనిషి రెండు రోజులు బాగుండి మూడో రోజు మళ్లీ వస్తాడు. ఈ జబ్బును 1654లో బార్తోలిన్ రాశాడు. 1941లో రిగ్లర్ మూడు గుర్తులు చెప్పాడు: ఉబ్బిన చిన్నపేగు, పిత్తనాళాల్లో గాలి, ఉండకూడని చోట రాయి. మామూలు ఎక్స్-రేలో మూడూ కలిసి కనబడేది తక్కువమందిలోనే, సీటీలో బాగా తెలుస్తాయి. ఈఆర్‌సీపీ (నోటి నుంచి గొట్టం వేసి పిత్తనాళాలకు చేసే చికిత్స) చేయించుకున్నవాళ్లకు, స్టెంట్ ఉన్నవాళ్లకు పిత్తనాళాల్లో గాలి మామూలుగానే ఉండొచ్చు. ఆ సంగతి అడగండి.

వైద్యంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఈ రోగులు చాలావరకు పెద్దవాళ్లు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నీరు ఇంకిపోయి వచ్చినవాళ్లు. ఆ రాత్రి రాయి తీసి పేగు మూయండి, చాలు. ఇరుక్కున్న చోటికి కొంచెం పైన, రాయిని వెనక్కి జరిపి, ఆరోగ్యంగా ఉన్న పేగు మీద కోయండి. మిగిలిన పేగంతా చేత్తో తడమండి, రెండో రాయి ఉంటే వారంలో మళ్లీ మూసుకుపోతుంది. అదే ఊపులో పిత్తాశయం తీసి, ఫిస్టులా (రాయి తొలిచిన దారి) మూసేయాలన్న ఉత్సాహం బలహీనమైన మనిషికి ప్రమాదం.

మిగిలినవి కాస్త వేగంగా చెబుతాను, ఒక్కదాని దగ్గర మాత్రం ఆగుతాను.

చిక్కిపోయిన టీనేజ్ అమ్మాయి, రక్తం తక్కువ, పొట్ట పైభాగంలో గట్టి గడ్డ, తినగానే వాంతి. తల వైపు చూడండి, ఒకచోట జుట్టు పల్చబడి ఉందా? తన జుట్టు తానే పీక్కుని మింగే అలవాటు ఉన్న పిల్లల్లో అది అరగక జీర్ణాశయంలో ముద్ద కడుతుంది. తోక చిన్నపేగులోకి దిగితే రాపంజెల్ సిండ్రోమ్ అంటారు. ఇది మందులకు కరగదు, జీర్ణాశయం కోసి ముద్ద మొత్తం తీయాలి, పేగులో తెగి మిగిలిన ముక్కల కోసం వెతకాలి. మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఆ అమ్మాయిని వార్డులో అందరి ముందూ ‘జుట్టు ఎందుకు తిన్నావు’ అని అడగొద్దు. ముద్ద ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పొద్దు. ఆమె మనసులో ఏదో టెన్షన్ ఉంది, డిశ్చార్జికి ముందే సైకియాట్రిస్టు చూడాలి, లేకపోతే రెండేళ్లకు అదే ముద్ద మళ్లీ కడుతుంది.

జీర్ణాశయానికి పాత ఆపరేషన్ అయినవాళ్లలో, పళ్లు లేక నమలలేని పెద్దవాళ్లలో పీచు ముద్దలు కడతాయి. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ల్యాప్రోస్కోపీ మచ్చలు చిన్నవి, కొందరు ఆ సంగతి చెప్పరు కూడా. బరువు తగ్గాక మెసెంటరీలోని (పేగును వెనక గోడకు పట్టి ఉంచే పొరలోని) సందులు పెద్దవై పేగు దూరుతుంది, వాంతులు లేకుండా, ఎక్స్-రే మామూలుగా ఉండగానే పేగు మెలిపడొచ్చు. సీటీలో మెసెంటరీ సుడి తిరిగినట్టు కనబడితే సర్జన్‌కు అప్పుడే ఫోన్ చేయండి. పిల్లల్లో ఏలికపాముల ఉండ అయితే సెలైన్, ట్యూబుతో చాలావరకు విడిపోతుంది. పూర్తిగా మూసుకుపోయి ఉన్నప్పుడు పురుగుల మందు వేయకండి, దారి తెరుచుకున్నాకే వేయండి. జబ్బు చేసి బాగా బరువు తగ్గినవాళ్లలో రక్తనాళం కింద డుయోడినం నలిగిపోతుంది. బోర్లా పడుకుంటే గానీ, ఎడమ పక్కకు తిరిగితే గానీ ఉపశమనం ఉంటుంది. వాళ్లకు ముందు కావాల్సింది తిండి, దాన్ని నలిగిన చోటు దాటించి ట్యూబుతో ఇవ్వాలి.

కారణం ఏదైనా మొదటి పని ఒకటే: రింగర్ లాక్టేట్, పొటాషియం చూసుకోవడం, రైల్స్ ట్యూబ్, యూరిన్ కాథెటర్. విరేచనాల మందు ఇవ్వొద్దు. ఆగి ఆగి వచ్చే నొప్పి ఆగకుండా రావడం మొదలైతే, నాడి వేగం దిగకపోతే, జ్వరం, రక్తంలో తెల్లకణాలు, లాక్టేట్ (రక్తం అందని చోట పెరిగే ఆమ్లం) పెరుగుతుంటే, పొట్ట నొక్కితే ఉలిక్కిపడుతుంటే, ఆ పేగుకు రక్తం అందడం లేదనే లెక్క. కారణం తేలలేదని ఆగకూడదు, కోసి చూడాల్సిందే. నొప్పి మందు ఇస్తే లక్షణాలు మరుగునపడతాయన్న పాత భయం మానేయండి, నొప్పి తగ్గిన మనిషిని పరీక్షించడమే తేలిక.

చివరిగా అబ్డామినల్ కకూన్. పేరుకు తగ్గట్టే చిన్నపేగు మొత్తం తెల్లని మందపాటి పొరలో, పట్టుగూడులో పురుగులా, చుట్టుకుపోయి ఉంటుంది. 1978లో ఈ పేరు పెట్టింది టీనేజ్ అమ్మాయిల కేసులు చూసి. ఎన్నాళ్లుగానో పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ద్రవం ఎక్కించి చేసే డయాలసిస్) మీద ఉన్నవాళ్లకూ వస్తుంది. మన దేశంలో చాలామందిలో దాని వెనక టీబీ ఉంటుంది. మచ్చ లేని పొట్ట, నెలల తరబడి వచ్చిపోయే నొప్పి, తగ్గిన బరువు, మధ్యలో మెత్తగా తగిలే గడ్డ. సీటీలో పేగులన్నీ నడుమ ఒకచోట గుంపుగా, చుట్టూ పొరతో ఉంటాయి. పొట్ట తెరిచాక ఓపిక కావాలి. పొరను అంచెలంచెలుగా విప్పండి, రాని చోట వదిలేయండి. తొందరలో పేగుకు చిల్లు పడితే ఫిస్టులాతో ఆ మనిషి నెలల పాటు బాధపడతాడు. చచ్చిపోని పేగును తీసేయకండి.

తీసిన పొర ముక్కనంతా ఫార్మలిన్ సీసాలో వేయకండి. ఫార్మలిన్‌లో టీబీ క్రిమి చచ్చిపోతుంది, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు పనికిరాదు. ఒక ముక్క పాథాలజీకి ఫార్మలిన్‌లో, ఒక ముక్క సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), కల్చర్‌కు నార్మల్ సెలైన్‌లో, రెండు సీసాల మీదా పేరు రాసి పంపండి. సీబీనాట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు, బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా చూడండి. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, సాధారణంగా ఆరు నెలలు. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయండి: మందులు వాడుతున్నప్పుడు కూడా పుండు మానే చోట పేగు ఇరుకవ్వొచ్చు, పొట్ట ఉబ్బి వాంతులైతే ఊళ్లో గ్యాస్ ఇంజెక్షన్ చేయించుకోకుండా నేరుగా ఇక్కడికి రావాలి. ఫోన్ నంబరు కూడా దాని మీదే రాయండి.